ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు?

సైకియాట్రిస్టు ముందు కూర్చున్న కుటుంబాన్ని మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. జవాబు మాత్రం ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో తేదీ. "దసరా సెలవులకు వచ్చినప్పటి నుంచి సార్. హాస్టల్లో తన అన్నంలో ఎవరో మందు కలుపుతున్నారని ఒకటే గొడవ" అంటాడు తండ్రి. "కాదండీ, ఎండాకాలం నుంచే రాత్రిళ్లు నిద్ర లేదు. గది తలుపు వేసుకుంటే తీసేవాడు కాదు" అంటుంది తల్లి. పక్కనున్న అక్క కాసేపాగి, "ఇంటర్ సెకండియర్‌లోనే ఫ్రెండ్సందర్నీ వదిలేశాడు, మీరే పట్టించుకోలేదు" అంటుంది. ఇంటి దగ్గర ఉండిపోయిన నానమ్మను అడిగితే ఇంకా వెనక్కి వెళ్తుంది. వాడికి నడక కూడా ఆలస్యంగానే వచ్చిందని గుర్తు చేస్తుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఇలాంటి ఇళ్లలో వినిపించే మాటలన్నీ ఒకచోట కలిపి రాశాను. అయితే ఈ నలుగురు చెప్పిందీ నిజమే కావచ్చు. గత యాభై ఏళ్లుగా పరిశోధకులు చేస్తూ వచ్చింది కూడా ఇదే. సైకోసిస్ అనే ఈ స్థితి, దాన్ని తెచ్చే స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు మొదలయ్యే తేదీని వెనక్కి జరుపుతూ పోయారు. దసరా నుంచి టీనేజీకి, అక్కడి నుంచి పసితనానికి, చివరికి తల్లి కడుపు దాకా.

వీధిలో వాళ్ల దగ్గర మాత్రం తేదీ ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. చదువు ఎక్కువైంది, ప్రేమ బెడిసికొట్టింది, గాలి సోకింది, ఎవరో చేయించారు. వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేయడం తేలిక. కానీ వాటి వెనక ఒక న్యాయమైన అనుమానం ఉంది. పద్దెనిమిదేళ్లు బాగానే ఉన్న పిల్లాడికి సరిగ్గా ఇప్పుడే ఎందుకు వచ్చింది? ఆ ప్రశ్నకు జవాబు దొరక్కే జనం కళ్లకు కనిపించిన దాని మీద నేరం మోపుతారు. వైద్యులూ ఒకప్పుడు అదే చేశారు. 1948లో ఫ్రీడా ఫ్రోమ్ రైక్‌మన్ అనే ప్రఖ్యాత మానసిక వైద్యురాలు, తల్లి పెంపకమే పిల్లల్ని స్కిజోఫ్రీనియాలోకి నెడుతుందన్న అర్థం వచ్చే ఒక పేరు పెట్టింది. రెండు మూడు దశాబ్దాల పాటు అమెరికాలో ఎందరో తల్లులు ఆ నింద మోశారు. చేతబడి అన్న మన పక్కింటావిడకూ, తల్లిని తప్పుపట్టిన ఆ నిపుణులకూ ఈ విషయంలో నాకు పెద్ద తేడా కనిపించదు.

ముందు మాట సరిచూసుకుందాం. సైకోసిస్ ఒక జబ్బు పేరు కాదు, జ్వరం లాంటి ఒక స్థితి. జ్వరం మలేరియాలోనూ వస్తుంది, టైఫాయిడ్‌లోనూ వస్తుంది. అలాగే స్కిజోఫ్రీనియాలో, విపరీతమైన ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్‌లో, తీవ్రమైన డిప్రెషన్‌లో, కొన్ని మత్తుమందుల వల్ల మనిషికి వాస్తవం మీద పట్టు జారుతుంది. లేని మాటలు వినిపిస్తాయి. పోలీసులు వెంటాడుతున్నారనో, టీవీలో న్యూస్ చదివే మనిషి తన గురించే చెబుతోందనో ఒక నమ్మకం బిగుసుకుపోతుంది. ఎన్ని రుజువులు చూపించినా అది సడలదు. అరుదుగా మెదడు వాపు కూడా ఇదే వేషంలో వస్తుంది. శరీరం తన మెదడులోని ఎన్ఎండీఏ అనే గ్రాహకాల (కణం మీద సంకేతాలను అందుకునే చోట్ల) మీదే యాంటీబాడీలు తయారు చేసుకునే జబ్బును జోసెప్ డాల్మౌ బృందం 2007లో గుర్తించింది. అది ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లల్లో కనిపిస్తుంది. మొదటిసారి సైకోసిస్ వచ్చినప్పుడు డాక్టరు రక్తపరీక్షలు, స్కానింగ్ రాస్తే డబ్బు గుంజడానికని అనుకోకండి.

ఇక వయసు సంగతి. 1890ల్లో జర్మనీలో ఎమిల్ క్రేప్లిన్ అనే మానసిక వైద్యుడు స్కిజోఫ్రీనియాకు మొదట పెట్టిన లాటిన్ పేరులోనే వయసు ఉంది. డిమెన్షియా ప్రికాక్స్, అంటే రావలసిన కాలానికి ముందే వచ్చిన మతి క్షీణత. ముసలితనంలో మతి తప్పడం అందరికీ తెలుసు, ఇరవైల్లో తప్పడమే ఆయన్ను ఆశ్చర్యపరిచింది. 1908లో స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు బ్లాయిలర్ దాన్ని స్కిజోఫ్రీనియా అన్నాడు. పేరు మారింది, వయసు మారలేదు. 192 అధ్యయనాలను కలిపి 2022లో వేసిన లెక్కలో స్కిజోఫ్రీనియా కోవకు చెందిన జబ్బులు ఎక్కువగా బయటపడే వయసు ఇరవై, ఇరవై ఒకటి దగ్గర తేలింది. మగపిల్లల్లో సగటున మూడు నాలుగేళ్లు ముందు వస్తుంది. ఆడవాళ్లలో నలభై ఐదు దాటే వేళ మరో చిన్న అల ఉంటుంది. పదేళ్ల లోపు పిల్లల్లో మాత్రం చాలా అరుదు.

మన దగ్గర ఇరవై అంటే ఏమిటి? ఈఏపీసెట్ రాసి, ఇల్లు వదిలి, హాస్టల్లో చేరి, బ్యాక్‌లాగులు మొదలయ్యే వయసు. కొందరు ఎమ్మెస్‌కు విమానం ఎక్కే వయసు. అందుకే నేరం చదువు మీదికి పోతుంది. కానీ కాలేజీ గడప తొక్కని కుర్రాళ్లకూ ఇదే వయసులో వస్తుంది. చదువుల పోటీ అనే మాటే లేని నూట ముప్ఫై ఏళ్ల కిందటి జర్మన్ పల్లెల్లోనూ ఇదే వయసులో వచ్చింది. టెన్షన్‌కు ఇందులో పాత్ర లేదని కాదు. అయితే అది తలుపు తోసే చెయ్యి మాత్రమే. తలుపు అప్పటికే ఎందుకు వదులుగా ఉందన్నది చూడాలి.

కుదురుకు నాలుగు గింజలు

షికాగోలో పీటర్ హుటెన్‌లాకర్ అనే పిల్లల నాడీవైద్యుడు ఉండేవాడు. ఆయన చేసిన పని వింటేనే విసుగొస్తుంది. అప్పుడే పుట్టి చనిపోయిన శిశువు నుంచి తొంభై ఏళ్ల వృద్ధుడి దాకా 21 మంది మెదళ్లలోంచి ముందు భాగపు పలుచని ముక్కలు తీసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, నాడీకణాల మధ్య అతుకులను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఈ అతుకులనే సైనాప్స్ అంటారు. ఒక కణం ఇంకో కణానికి సంగతి చేరవేసేది వీటి మీదుగానే. 1979లో ఆయన లెక్క బయటికొచ్చింది. ఏడాది, రెండేళ్ల పసిబిడ్డలో ఈ అతుకులు పెద్దవాళ్ల కంటే దాదాపు 50 శాతం ఎక్కువ. తర్వాత పదహారేళ్ల దాకా తగ్గుతూ వస్తాయి.

ఎదిగే కొద్దీ మెదడులో అతుకులు పెరుగుతాయని కదా మనం అనుకునేది! పత్తి చేలోనో కూరగాయల మడిలోనో పనిచేసినవాళ్లకు మాత్రం ఇది వింత కాదు. కుదురుకు మూడు నాలుగు గింజలు వేస్తారు. మొలిచాక బలమైనదాన్ని ఉంచి మిగతావి పీకేస్తారు. అన్నిటినీ ఉంచితే ఏదీ సరిగ్గా ఎదగదు. మెదడు కూడా ముందు ఒత్తుగా నాటి, తర్వాత పలచన చేస్తుంది. వాడుకలో ఉన్న అతుకు నిలుస్తుంది, వాడనిది పోతుంది. మిగిలిన దారుల్లో సంకేతాలు వేగంగా నడవడానికి తీగ మీద ప్లాస్టిక్ తొడుగులాగా మైలిన్ అనే కొవ్వు పొర పట్టడం కూడా ఇదే కాలంలో జోరుగా సాగుతుంది.

ఈ పలచన పని మెదడంతా ఒకేసారి జరగదు. అమెరికాలో జే గీడ్, జుడిత్ రాపపోర్ట్ వాళ్ల బృందం 13 మంది పిల్లలకు రెండేళ్లకోసారి చొప్పున ఏళ్ల తరబడి స్కాన్లు తీసి 2004లో ఆ క్రమం చూపించింది. కదలిక, చూపు లాంటివి చూసుకునే భాగాలు ముందే కుదుటపడతాయి. ముందూవెనకా ఆలోచించడం, తొందరపాటును ఆపుకోవడం, ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చుకోవడం చూసే నుదుటి వెనక భాగం అన్నిటికంటే ఆలస్యం. అంటే కాపురం పెట్టాక కూడా ఆ గదిలో తాపీపని నడుస్తూనే ఉంటుంది. మెదడు 25 ఏళ్లకు పూర్తవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఇదే మూలం, కానీ ఆ అంకెలో గీత గీసినంత కచ్చితత్వం ఏమీ లేదు. 2011లో వచ్చిన మరో అధ్యయనం ఈ భాగంలో పలచన ముప్ఫైల గుమ్మం దాకా సాగుతుందని చూపించింది.

ఇప్పుడు కథలోకి ఒక నిద్ర పరిశోధకుడు వస్తాడు. అర్విన్ ఫైన్‌బర్గ్ తల మీద తీగలు అతికించి నిద్రలో మెదడు అలలను నమోదు చేసేవాడు. గాఢనిద్రలో వచ్చే పెద్ద, నెమ్మది అలలు పిల్లల్లో చాలా బలంగా ఉంటాయి. టీనేజీలో వాటి బలం సగానికి పైగా పడిపోతుంది. అంత పెద్ద అల లేవాలంటే లక్షల కణాలు కలిసి ఊగాలి, అందుకు బోలెడన్ని అతుకులు కావాలి. కాబట్టి అల తగ్గిందంటే అతుకులు తగ్గుతున్నాయన్నమాట అని ఆయన ఊహ. ఆ వెంటనే ఇంకో ఊహ. ఈ పలచన పనిలోనే ఎక్కడో పొరపాటు జరిగితే? స్కిజోఫ్రీనియా ఈ వయసులోనే రావడానికి అదే కారణమైతే? 1982-83లో అచ్చయిన ఆ వ్యాసం శీర్షిక చివర ఆయన ప్రశ్నార్థకం పెట్టాడు. ఎక్కువ పీకేశారా, తక్కువ పీకేశారా, ఉంచాల్సినవి పీకేశారా అన్నది కూడా తేల్చకుండా వదిలేశాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

తర్వాత చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించినవాళ్లు ఎక్కువ పీకేయడం వైపు మొగ్గారు. 2000లో పిట్స్‌బర్గ్‌కు చెందిన డేవిడ్ లూయిస్ బృందం, నుదుటి వెనక భాగంలోని ఒక పొరలో నాడీకణాల కొమ్మల మీద ఉండే బొడిపెలు 20 శాతానికి పైగా తక్కువగా ఉన్నాయని చూపించింది. అతుకు పడేది ఆ బొడిపెల మీదే.

పీకేసే చెయ్యి ఎవరిది?

ఊహకు జన్యువుల నుంచి బలం దొరకడానికి మరో పదహారేళ్లు పట్టింది. 2016లో స్టీవెన్ మెకారల్, బెత్ స్టీవెన్స్ బృందాలు దాదాపు 29 వేల మంది స్కిజోఫ్రీనియా రోగుల జన్యు సమాచారాన్ని, జబ్బు లేని 36 వేల మందితో పోల్చాయి. ఆరో క్రోమోజోము మీద సి4 అనే జన్యువు దగ్గర చూపు ఆగింది. విడ్డూరం ఏమిటంటే అది అసలు మెదడు జన్యువే కాదు, రోగనిరోధక వ్యవస్థది. ఒంట్లోకి చొరబడ్డ క్రిముల మీద, చచ్చిన కణాల మీద 'దీన్ని తినేయండి' అని గుర్తు వేయడం దాని పని. కొట్టేయాల్సిన చెట్లకు అటవీశాఖవాళ్లు ముందే వచ్చి గుర్తు పెట్టి వెళ్తారు చూడండి, అలాంటిది. మెదడులో అదే గుర్తు అతుకుల మీద పడుతుంది. మైక్రోగ్లియా అనే పారిశుద్ధ్య కణాలు వచ్చి గుర్తు ఉన్నవాటిని మింగేస్తాయి. సి4 ఎక్కువగా తయారయ్యే రకం జన్యువు ఉన్నవాళ్లకు స్కిజోఫ్రీనియా ముప్పు కాస్త ఎక్కువ. ఆ జన్యువు తీసేసిన ఎలుకల్లో అతుకుల కత్తిరింపు తగ్గింది.

ఈ వార్త వచ్చినప్పుడు స్కిజోఫ్రీనియా మూలం దొరికేసిందన్నంత హడావుడి జరిగింది. కాస్త నీళ్లు చల్లాల్సిందే. ఒకటి, ఎలుకల్లో చూసింది పుట్టిన కొద్ది రోజుల పిల్లల కంటి దారుల్లో. అది యవ్వనమూ కాదు, నుదుటి వెనక భాగమూ కాదు. రెండు, ముప్పు పెరిగేది ఎంతో చూడండి. ఆ జన్యువులో ముప్పు తక్కువ రకం ఉన్నవాళ్లలో నూటికి ఒకరికి వచ్చేది అనుకుంటే, ముప్పు ఎక్కువ రకం ఉన్నవాళ్లలో 1.3 మందికి వస్తుంది. అంతే. 2022 నాటికి స్కిజోఫ్రీనియాతో ముడిపడ్డ జన్యు స్థానాలు 287 బయటపడ్డాయి. ఒక్కొక్కటీ చిటికెడు ముప్పే. మూడు, మైక్రోగ్లియా జోరు తగ్గిస్తుందనుకున్న మినోసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్‌ను బ్రిటన్‌లో 207 మంది రోగులకు ఏడాది పాటు ఇచ్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది, లాభం లేదు. పీకేసిన మొక్కలు మళ్లీ మొలవవనా? లేక వేరే తోటలో వెతుకుతున్నామా? నా అంచనాలో రెండూ కొంత కొంత నిజమే.

అతుకులు తగ్గితే లేని గొంతులు ఎందుకు వినిపించాలి? ఇక్కడ డోపమైన్ వస్తుంది. దీన్ని ఆనందపు రసాయనం అంటుంటారు గానీ, దాని అసలు పని 'ఇటు చూడు, ఇది నీకు ముఖ్యం' అని మెదడుకు గంట కొట్టడం. నుదుటి వెనక భాగానికి లోపల ఉన్న డోపమైన్ కేంద్రాల మీద అదుపు ఉంటుంది. ఆ అదుపు సడలితే గంట అవసరం లేనప్పుడూ మోగుతుంది. ఎదురింటి వాళ్ల దగ్గు, బస్సు నంబరు, గోడ మీది పోస్టరు, అన్నీ మనకేదో చెబుతున్నట్టే తోస్తాయి. కొన్ని వారాల పాటు ప్రతిదీ అర్థవంతంగా తోచిన మనిషికి చివరికి ఒక కథ కావాలి. 'నా మీద నిఘా పెట్టారు' అనేది ఆ కథ. సైకోసిస్ నుంచి బయటపడ్డ చాలామంది, ఆ కథ దొరికిన క్షణంలో భయం కంటే ముందు ఒక ఊరట కలిగిందని చెబుతారు. ఇంట్లోవాళ్లు ఆ కథతో వాదించి గెలవలేకపోవడానికి కారణం ఇదే. మందులు తగ్గించేది ప్రధానంగా ఈ గంట మోతను. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌తో మొదలైంది ఆ దారి.

వయసు గురించి ఆపరేషన్ థియేటర్ నుంచి కూడా ఒక ఆధారం ఉంది. కెటమైన్ అనే మత్తుమందు ఇందాక చెప్పిన ఎన్ఎండీఏ గ్రాహకాలనే అడ్డుకుంటుంది. పెద్దవాళ్లు దాని మత్తులోంచి లేచేటప్పుడు కొందరికి విపరీతమైన భ్రాంతులు కలుగుతాయి. చిన్నపిల్లల్లో ఇది బాగా తక్కువ. మందు ఒకటే, గ్రాహకం ఒకటే. సైకోసిస్ పుట్టడానికి కావలసిన దారులు పిల్లల మెదడులో ఇంకా పూర్తిగా పడలేదేమో అని కొందరు పరిశోధకులు అనుకోవడానికి ఇదొక కారణం. విత్తనం ఎప్పుడో పడినా మొక్క పైకి రావడానికి యవ్వనం దాకా ఎందుకు ఆగుతుందో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు.

నానమ్మ చెప్పింది

విత్తనం నిజంగానే ఎప్పుడో పడుతుంది. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం పడమటి నెదర్లాండ్స్‌కు తిండి సరఫరా ఆపేసింది. మనిషికి రోజుకు వెయ్యి కేలరీలు కూడా అందని రోజులవి. ఆ కరువు ముదిరినప్పుడు కడుపున పడ్డ పిల్లల్లో, పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా దాదాపు రెట్టింపు కనిపించింది. యుద్ధకాలపు లెక్క కదా, చిన్న సంఖ్యలు కదా అని అనుమానించినవాళ్లకు 2005లో చైనా నుంచి సమాధానం వచ్చింది. 1959-61 మహాకరువులో దెబ్బతిన్న వూహు ప్రాంతంలో 1959లో పుట్టినవాళ్లలో ఈ జబ్బు 0.84 శాతం, 1960లో పుట్టినవాళ్లలో 2.15 శాతం. రెండు దేశాలు, రెండు కరువులు, ఒకే ఫలితం.

అమెరికాలో ఎలేన్ వాకర్ అనే సైకాలజిస్టు ఇంకో దారి పట్టింది. స్కిజోఫ్రీనియా వచ్చిన పెద్దవాళ్ల ఇళ్లలో అటకల మీద పడున్న పాత హోమ్ మూవీలు తెప్పించింది. పుట్టినరోజులు, పండగ భోజనాలు, తోబుట్టువులతో ఆటలు. ఎవరికి జబ్బు వచ్చిందో చెప్పకుండా వాటిని కొందరికి చూపించి, ఈ పిల్లల్లో ఎవరికి తర్వాత జబ్బు వచ్చి ఉంటుందో చెప్పమంది. 1990లో అచ్చయిన ఆ పరిశోధనలో వాళ్లు గుడ్డిగా ఊహిస్తే వచ్చేదాని కంటే మెరుగ్గా పోల్చుకున్నారు. చేతుల కదలికలో చిన్న అపసవ్యం, ముఖంలో తక్కువ నవ్వు. తల్లి కూడా గమనించనంత చిన్న సంగతులు. 1946లో పుట్టిన బ్రిటిష్ పిల్లల్ని జీవితాంతం వెంబడించిన అధ్యయనంలో కూడా తర్వాత జబ్బు వచ్చినవాళ్లకు నడక సగటున కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆలస్యంగా నడిచిన పిల్లల్లో అత్యధికులకు ఏమీ కాదు. వెనక్కి తిరిగి చూస్తే కనిపించే గుర్తులు ముందుకు చూడటానికి పనికిరావు. జన్యువుల కథా అంతే. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే రెండోవారికి వచ్చేది, డెన్మార్క్ వాళ్ల 2018 లెక్క ప్రకారం, మూడింట ఒక వంతు సందర్భాల్లోనే. 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లేకుండా పుట్టేవాళ్లది ఇప్పటిదాకా తెలిసిన బలమైన జన్యు ముప్పుల్లో ఒకటి. వాళ్లలోనూ సుమారు నలుగురిలో ఒకరికే సైకోసిస్ వస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గర 'వాళ్ల మేనమామకు మతి లేదట' అని గుసగుసలాడేవాళ్లు ఈ లెక్కలు చూడాలి.

గంజాయి సంగతి

కడుపులో పడ్డ విత్తనాన్ని మనం మార్చలేం. యవ్వనంలో దానికి పోసే నీళ్లలో మన చేతిలో ఉన్నది ఒకటుంది. స్వీడన్‌లో 1969-70లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45,570 మంది కుర్రాళ్లను గంజాయి అలవాటు గురించి అడిగి, పదిహేనేళ్లు వెంబడించారు. అప్పటికే యాభైసార్లకు మించి తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు కనిపించింది. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తున్న పిల్లల్లో పదిహేనేళ్లకే గంజాయి పట్టినవాళ్లలో పదింట ఒకరికి 26 ఏళ్లకల్లా స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు వచ్చింది. ముట్టనివాళ్లలో అది నూటికి మూడు. 2019లో మార్తా డి ఫోర్టి బృందం ఐరోపా, బ్రెజిల్‌లలో 11 చోట్ల చూసింది. రోజూ తాగేవాళ్లకు ముప్పు మూడు రెట్లు, గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ అనే రసాయనం ఎక్కువగా ఉన్న ఘాటు రకం రోజూ తాగేవాళ్లకు దాదాపు ఐదు రెట్లు.

జబ్బు మొగ్గ తొడుగుతున్నవాళ్లే మనసు కుదుటపరచుకోవడానికి గంజాయి వైపు పోతున్నారేమో అనే వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు, జన్యు అధ్యయనాల్లో ఆ బాణం రెండు వైపులా గుచ్చుకుంటోంది. కానీ ఘాటు పెరిగేకొద్దీ, మొదలెట్టిన వయసు తగ్గేకొద్దీ ముప్పు పెరగడం చూస్తే నింద పూర్తిగా తుడిచేయలేం. మెదడు దగ్గర తనదైన గంజాయి లాంటి రసాయనం ఉంది. సంకేతాల జోరు ఎక్కువైనప్పుడు 'చాలు, ఆపు' అని అతుకు దగ్గర చెప్పేది అదే. పలచన పని నడుస్తున్న తోటలోకి బయటి టీహెచ్‌సీ వచ్చి రోజూ అదే మాట గట్టిగా అరిస్తే, ఏది ఉంచాలో ఏది తీయాలో గందరగోళం కాకుండా ఉంటుందా?

విశాఖ మన్యం, ఆంధ్ర-ఒడిశా సరిహద్దు గంజాయికి పేరుమోసిన చోట్లు. హైదరాబాద్‌లో, గుంటూరులో కాలేజీల చుట్టూ పొట్లాల అమ్మకాల వార్త లేని వారం లేదు. ఆ వార్తలన్నీ కేసులు, కిలోలు, అరెస్టుల లెక్కలే. పదహారేళ్ల మెదడుకూ ముప్ఫై ఏళ్ల మెదడుకూ అది ఒకే వస్తువు కాదని చెప్పే వాక్యం వాటిలో నాకు కనిపించదు. మొదటి దమ్ము ఎంత ఆలస్యమైతే అంత మేలు అని పిల్లలకు సూటిగా చెబితే, 'డ్రగ్స్‌కు నో చెప్పండి' ఫ్లెక్సీల కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ ఉన్న కుర్రాడికైతే ఆ మాట ఇంకా ముందే, ఇంకా గట్టిగా చెప్పాలి.

ముందే పట్టుకోవచ్చా?

అక్క గమనించిన దశ, అంటే స్నేహితుల్ని వదిలేసి, చదువు జారి, అప్పుడప్పుడు ఎవరో పిలిచినట్టు అనిపించే దశ మీద మెల్‌బోర్న్‌లో ప్యాట్రిక్ మెక్‌గోరీ, ఆలిసన్ యూంగ్ పని మొదలుపెట్టారు. 1990ల మధ్యలో అలాంటి పిల్లల కోసమే ఒక క్లినిక్ తెరిచారు. తొలి ఫలితాల్లో ఏడాదిలోపు నూటికి నలభై మంది సైకోసిస్‌లోకి జారారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. అలాంటి క్లినిక్‌లు పెరిగేకొద్దీ ఆ అంకె పడిపోయింది. ఇప్పటి లెక్క మూడేళ్లలో పాతిక మంది. అంటే 'ముప్పు ఉంది' అని ముద్ర వేసిన నలుగురిలో ముగ్గురు ఆ మూడేళ్లలో ఆ గట్టు దాటరు.

ఆ ముగ్గురి సంగతేమిటి? 2013లో అమెరికన్ సైకియాట్రిస్టుల కొత్త వర్గీకరణలో ఈ దశను ఒక జబ్బుగా చేర్చాలా వద్దా అని పెద్ద గొడవే జరిగింది. చివరికి 'ఇంకా పరిశోధన కావాలి' అనే వెనక అధ్యాయంలో పెట్టారు. సరైన పనే చేశారనుకుంటాను. పేరు పెడితే మందు వెంట వస్తుంది, మందు వెంట వీధి మాట వస్తుంది. ఎర్రగడ్డ అనే ప్రాంతం పేరునే తిట్టుగా మార్చుకున్న మనకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ దశలో చేప నూనె ఆపుతుందని 2010లో వియన్నా నుంచి ఆశ కలిగించే ఫలితం వచ్చింది. 2017లో చాలా దేశాల్లో కలిపి చేసిన పెద్ద పరీక్షలో ఆ ఆశ నిలవలేదు.

ఇంకొక సంగతి తల్లిదండ్రులకు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో నూటికి 17 మంది ఎప్పుడో ఒకసారి లేని మాట విన్నామనో, అలాంటిదేదో జరిగిందనో చెబుతారు. పదమూడు దాటాక అది సుమారు ఏడున్నరకు పడిపోతుంది. పోయిన తాతయ్య పిలిచినట్టు అనిపించడం జబ్బు కాదు. అది మళ్లీ మళ్లీ వస్తూ, పెరుగుతూ, దాంతోపాటు నిద్ర, స్నానం, చదువు, స్నేహాలు జారుతున్నాయంటేనే లెక్కలోకి తీసుకోవాలి. ఒక్క గుర్తు చూసి కంగారు పడొద్దు. మనిషి ఏడాది కిందట ఎలా ఉన్నాడు, ఇప్పుడెలా ఉన్నాడన్నది చూడండి.

ఇంతకీ కుటుంబం చేతిలో ఉన్న తేదీ ఒకటుంది. లక్షణాలు స్పష్టంగా బయటపడిన రోజుకూ, సరైన వైద్యం మొదలైన రోజుకూ మధ్య గడిచిన కాలం. అది ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టమని దేశదేశాల అధ్యయనాలు ఒకే గొంతుతో చెబుతున్నాయి. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో సైకోసిస్ ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ లేవు. మన దగ్గర ఈ కాలం తాయెత్తులకు కొంత, దర్గాలకు కొంత, 'పెళ్లి చేస్తే సర్దుకుంటుంది' అనే మాటకు కొంత పోతుంది. పెళ్లి చేస్తే రెండు జీవితాలు ఇరుక్కుంటాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గరి ఆశ్రయంలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. అక్కడికి తెచ్చి వదిలింది వాళ్లంటే గిట్టనివాళ్లు కాదు, ఇంకెక్కడికి తీసుకెళ్లాలో తెలియనివాళ్లు.

ఇప్పుడు ఎక్కడికి అంటే, కనీసం ఫోన్ చేయడానికి 14416 ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. విశాఖలో, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, పిచ్చాసుపత్రి అనే బోర్డు కింద నిలబడాల్సిన పనిలేదు.

నార్వేలో రోగలాండ్ అనే జిల్లా ఈ కాలాన్నే తగ్గించాలని చూసింది. పేపర్లలో, రేడియోలో, సినిమా హాళ్లలో ప్రకటనలు ఇచ్చారు. బడుల్లో టీచర్లకు లక్షణాలు చెప్పారు. ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే వచ్చి చూసే బృందాన్ని పెట్టారు. కొత్త మందు లేదు, స్కానర్ లేదు. వైద్యం మొదలవడానికి పట్టే కాలం మధ్యస్థంగా 26 వారాల నుంచి 5 వారాలకు దిగింది. కొన్నేళ్లకు ప్రకటనలు ఆపేశారు. ఫోన్ నంబరు అదే, వచ్చి చూసే బృందమూ అదే. అయినా ఆ కాలం మళ్లీ 15 వారాలకు పెరిగింది.